నేటి పెయ్యలోనే రేపటి పాడి

పాలిచ్చే ఆవుకు ఇంట్లో గౌరవం ఉంటుంది. వట్టిపోయిన ఆవుకు కూడా, మళ్ళీ ఈనుతుందన్న ఆశతో ఇంత మేత పడుతుంది. పాలు మాన్పించిన తరువాత, ఇంకా ఎదకు రాని పెయ్య మాత్రం ఏ లెక్కలోనూ చేరదు. అది తింటుందే గాని ఇవ్వదు. అందుకే పశువుల పాకలో అన్నిటికన్న చివర కట్టివేసేది దానినే. మిగిలిన గడ్డి వేసేది దానికే. అయితే ఆ రెండేళ్ళలో దానికి జరిగిన మేలు గాని, కీడు గాని ఎక్కడికీ పోదు. మొదటి ఈతనాడు ఆ లెక్క అంతా పొదుగులో తేలుతుంది.

ఈ మాట పల్లెటూరి రైతుకన్న పట్టణపు అంచున ఒకటి రెండు ఆవులను పోషించుకునే కుటుంబానికి ఎక్కువగా వర్తిస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ అటువంటి పట్టణం. బెంగాల్ - నాగపూర్ రైల్వే రోజులలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. 1951లో హిజిలీ నిర్బంధ శిబిరపు భవనంలో ప్రారంభమైన ఐ.ఐ.టి. ప్రాంగణానికి ఆనుకుని ప్రేమ్ బజార్ ఉన్నది. ఇటువంటి చోట పాలకు గిరాకీ ఉంటుంది. పచ్చిక బయలు ఉండదు. నేల ఎర్రని కంకర నేల. ఎండు వరిగడ్డి కొనాలి, తవుడు కొనాలి, చెక్క కొనాలి. కనుక యజమాని మనసులో ఒక ప్రశ్న పుట్టడం సహజం: పాలివ్వని పెయ్యను రెండేళ్ళకు పైగా ఎందుకు మేపాలి? అమ్మివేసి, ఈనిన ఆవునే కొనుక్కోరాదా?

ఈ ప్రశ్నకు బెంగాల్ చరిత్రలోనే ఒక సమాధానం ఉన్నది. ఒకప్పుడు కలకత్తా నగరంలోని పాలవాళ్ళు ఈనిన పశువులను దూరప్రాంతాల నుండి కొని తెచ్చి, పిండినంత కాలం పిండి, వట్టిపోగానే వదిలించుకునేవారు. దూడలను పెంచే ఆలోచనే ఉండేది కాదు. దీనివల్ల మేలైన పాడి సంతతి ఏటేటా నశించింది. ఈ నష్టాన్ని ఆపడానికే స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజులలో హరిణఘాటాలో ప్రభుత్వం పెద్ద పాడి క్షేత్రాన్ని నెలకొల్పింది. సంతలో కొన్న ఆవు పూర్వచరిత్ర కొన్నవానికి తెలియదు. దాని వయసు, ఈతలు, పొదుగు జబ్బులు అమ్మినవానికే ఎరుక. ఇంట పుట్టిన పెయ్య విషయంలో మోసపోవలసిన పని లేదు. దాని తల్లి పాలు ఇంటివారు తాగినవే.

పునాది మొదటి గంటలోనే

తల్లి గర్భంలో ఉన్న దూడకు రోగాలను ఎదిరించే శక్తి మాయ ద్వారా అందదు. అది ముర్రుపాల ద్వారానే అందాలి. పుట్టిన గంటలోపుగా ముర్రుపాలు త్రాగించాలి. 25 కిలోల దూడకు మొదటి రోజున రెండు మూడు సార్లుగా రెండున్నర లీటర్లు తక్కువ కాకుండా ఇవ్వాలి. ఇరవైనాలుగు గంటలు గడిస్తే దూడ ప్రేగులు ఆ రక్షకపదార్థాలను లోనికి తీసుకునే శక్తిని కోల్పోతాయి. మాయ పడేదాకా పాలు పితకకూడదన్న పాత అలవాటు ఎన్ని దూడలను బలి తీసుకున్నదో లెక్క లేదు.

తరువాత మూడు నెలలు దూడ బరువులో పదవ వంతు పాలు, రెండవ వారం నుండి కొద్దికొద్దిగా దూడల దాణా, లేత పచ్చిగడ్డి అలవాటు చేయాలి. పది పదిహేను రోజుల వయసులో ఏలిక పాములకు మందు త్రాగించడం, కొమ్ము మొటిమలు గట్టిపడక మునుపే మాడ్చివేయడం, నాలుగు చన్నులకు మించి ఉన్న అదనపు చన్నులను పశువైద్యుని చేత తీయించడం ఈ దశలోనే జరగాలి. మరొక హెచ్చరిక. మగదూడతో కవలగా పుట్టిన పెయ్య నూటికి తొంభైపాళ్ళు గొడ్డుదే అవుతుంది. పైకి ఏ లోపమూ కనిపించదు. అటువంటి దానిని ముందే పరీక్ష చేయించకుండా రెండేళ్ళు మేపితే చివరకు మిగిలేది నిరాశ.

వయసా, బరువా?

పెయ్యను ఎప్పుడు కట్టించాలి అన్న ప్రశ్నకు చాలామంది వయసుతో జవాబు చెబుతారు. సరియైన జవాబు బరువు. పెరిగి పెద్దదైన ఆవుకు ఎంత బరువు ఉంటుందో, అందులో నూటికి 60 - 65 పాళ్ళు పెయ్యకు వచ్చినప్పుడే అది గర్భం మోయడానికి సిద్ధమైనట్లు. పెద్దయిన సంకరజాతి ఆవు 380 కిలోలు తూగుతుందనుకుంటే, పెయ్య 230 నుండి 245 కిలోలకు రావాలి. బాగా మేపిన సంకరజాతి పెయ్య పదిహేను - పద్దెనిమిది నెలలలో ఈ బరువుకు వస్తుంది. ముర్రా జాతి గేదె పడ్డకు రెండు, రెండున్నర ఏళ్ళు పడుతుంది. ఒంగోలు వంటి దేశీయ జాతులు ఇంకా నిదానంగా ఎదుగుతాయి.

లెక్క చాలా సులువు. 25 కిలోలతో పుట్టిన పెయ్య రోజుకు 430 గ్రాముల చొప్పున పెరిగితే పదిహేడు నెలలకు 245 కిలోలవుతుంది. ఇరవై ఆరు, ఇరవై ఏడు నెలల వయసుకు ఈనుతుంది. రోజుకు 250 గ్రాములే పెరిగితే అదే బరువు రావడానికి రెండున్నర ఏళ్ళు పడుతుంది. గడ్డి మిగిల్చానని సంతోషించిన యజమాని ఏడాదికి పైగా పాలు పోగొట్టుకున్నాడన్నమాట.

ఇంట్లో తూనిక లేకపోయినా ఒక టేపుతో బరువు కట్టవచ్చు. పెయ్యను సమంగా నిలబెట్టి, ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో కొలవాలి. భుజపు ముందరి ఎముక నుండి పిరుదుల చివరి ఎముక దాకా పొడవును కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చవేసి, దానిని పొడవుతో హెచ్చవేసి, 300తో భాగిస్తే పౌన్లలో బరువు వస్తుంది. చుట్టుకొలత 60, పొడవు 45 అంగుళాలైతే 540 పౌన్లు, అనగా సుమారు 245 కిలోలు. నెలకొకసారి ఇలా కొలిచి గోడ మీద వ్రాసి పెట్టుకుంటే, పెయ్య ఎప్పుడు వెనుకబడిందో ఆ నెలలోనే తెలిసిపోతుంది.

బరువు రాకముందే తొందరపడితే ఏమవుతుంది? పదకొండు, పన్నెండు నెలలకే ఎదకు వచ్చే పెయ్యలు ఉన్నాయి. 180 కిలోల పెయ్యకు చూడి కట్టిస్తే దాని కటిభాగం ఇంకా ఇరుకుగానే ఉంటుంది. ఈనే వేళ దూడ అడ్డుపడుతుంది. దూడ పోవచ్చు, తల్లి పోవచ్చు. రెండూ దక్కినా తల్లి ఎదుగుదల అక్కడితో కుంటుపడి, జీవితాంతం తక్కువ పాలే ఇస్తుంది. పొదుగు కోసి పాలు త్రాగడమంటే ఇదే.

అతిగా మేపడమూ తప్పే. మూడు నుండి తొమ్మిది నెలల వయసులో పొదుగులోని పాలగ్రంథులు శరీరంకన్న వేగంగా పెరుగుతాయి. ఆ రోజులలో పిండిపదార్థాలు దట్టించి పెయ్యను బలిపిస్తే పొదుగులో పాలగ్రంథులకు బదులు కొవ్వు చేరుతుంది. నున్నగా, గుండ్రంగా కనిపించే పెయ్యను చూసి ఇరుగుపొరుగు మెచ్చుకోవచ్చును గాని, ఆ పొదుగు పెద్దదైనా పాలు తక్కువ. ప్రక్కటెముకలు లెక్కపెట్టేటట్లూ ఉండకూడదు, చేతికి తగలకుండానూ ఉండకూడదు.

వరిగడ్డిలో లేనిది

బెంగాల్‌లోనూ, కోస్తా ఆంధ్రలోనూ పశువుకు ప్రధానమైన మేత వరిగడ్డి. అది కడుపు నింపుతుంది, ఒళ్ళు పెంచదు. మాంసకృత్తులు చాలా తక్కువ. భాస్వరం కొరత. అందులోని ఆగ్జలేట్లు ఉన్న కాస్త సున్నాన్ని కూడా ఒంటికి పట్టనివ్వవు. వట్టి వరిగడ్డి మీద పెరిగిన పెయ్య రెండున్నర ఏళ్ళు దాటినా ఎదకు రాకపోవడంలో వింత లేదు. దిష్టి తగిలిందనో, గొడ్డుదనో అనుకుని చవకగా అమ్మివేసే పెయ్యలలో చాలావాటికి ఉన్న జబ్బు ఆకలి.

తొమ్మిది నెలలు దాటిన పెయ్యకు రోజుకు పది, పదిహేను కిలోల పచ్చిమేత, రెండు మూడు కిలోల ఎండుగడ్డి, ఒకటిన్నర నుండి రెండు కిలోల దాణా, 25 - 30 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, కొంచెం ఉప్పు ఉండాలి. దాణా అంటే ఒక్క తవుడే కాదు. నూకలు లేక మొక్కజొన్న, తవుడు, ఏదైనా ఒక నూనెచెక్క కలిసినదే దాణా. పెరటిలో రెండు సెంట్ల చోటున్నా నాలుగు వరుసలు హైబ్రిడ్ నేపియర్ గడ్డి పిలకలు నాటుకోవచ్చు. పశువులను కడిగిన నీరే దానికి చాలు.

పచ్చిమేత దొరకని వారు వరిగడ్డినే బాగుచేసుకోవచ్చు. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండా ప్లాస్టిక్ గుడ్డతో మూడు వారాలు కప్పి ఉంచాలి. గడ్డి మెత్తబడి, మాంసకృత్తుల విలువ హెచ్చుతుంది. ఘాటు పోయేదాకా ఆరబెట్టి, క్రమంగా అలవాటు చేయాలి. ఆరు నెలలలోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్ళ బకెట్టు పశువు మూతికి అందే చోట ఉంచరాదు, అది ప్రాణాంతకం.

ఎదుగుదలను తినే శత్రువులు

వరిపొలాలు, చెరువులు ఉన్న చోట నత్తలు ఉంటాయి. నత్తల ద్వారా కార్జపు జలగలు వ్యాపిస్తాయి. చెరువుగట్టు తడిగడ్డి మేసిన పెయ్య పెట్టిన దాణాలో సగం ఈ జలగలకే వెళ్తుంది. వర్షాలకు ముందొకసారి, తరువాత ఒకసారి పేడ పరీక్ష చేయించి మందు త్రాగించాలి. పిడుదులను చేతితో పీకడం చాలదు. పాక గోడల పగుళ్ళలో కూడా మందు కొట్టాలి.

టీకాలలో ఒకటి పెయ్యలకే ప్రత్యేకం. బ్రూసెల్లోసిస్ అనే వ్యాధి చూడి పశువులను ఈసుకుపోయేటట్లు చేస్తుంది. పాల ద్వారా, మాయ ద్వారా మనుషులకూ సోకుతుంది. నాలుగు నుండి ఎనిమిది నెలల వయసున్న పెయ్యలకు జీవితంలో ఒకే ఒక్కసారి దీని టీకా వేస్తారు. ఆ నాలుగు నెలల గడువు దాటితే అవకాశం పోయినట్లే. 2019లో ఆరంభమైన జాతీయ కార్యక్రమం క్రింద ఈ టీకా, గాలికుంటు టీకా ఉచితం. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందు వేయించాలి. 2019లో మనదేశంలో మొట్టమొదట ఒడిశాలో కనిపించిన ముద్దచర్మ వ్యాధి, 2022లో పడమటి రాష్ట్రాలలో పెద్దసంఖ్యలో పశువులను పొట్టన పెట్టుకున్నది. ఒడిశా సరిహద్దు ఖరగ్‌పూర్‌కు ఎంతో దూరం కాదు.

ఎద ఒక్కరోజు పండుగ

బరువుకు వచ్చిన పెయ్య సుమారు ఇరవై ఒక్క రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఎద పన్నెండు నుండి ఇరవై నాలుగు గంటలకు మించి ఉండదు. అరుపు, మేతమీద నిలవకపోవడం, మాటిమాటికి మూత్రం, మానం నుండి అద్దంవంటి తీగలు, ఇతర పశువుల మీదికి ఎక్కడం - ఇవి గుర్తులు. ఇతర పశువు తనమీదికి ఎక్కితే కదలక నిలబడడమే అన్నిటికన్న నమ్మదగిన గుర్తు. ఒంటరిగా కట్టివేసిన పెయ్యలో ఈ గుర్తు చూసే వీలుండదు. గేదె పడ్డలలో ఎద మూగది, వేసవిలో మరీను. కనుక తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తోక క్రింద దీపం పెట్టి చూడడం అలవాటు చేసుకోవాలి. ఒక ఎద జారిపోతే మూడు వారాల మేత వ్యర్థం.

1940వ దశకంలో అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ చేసిన పరిశోధనల నుండి వచ్చిన సూత్రం నేటికీ చెల్లుతున్నది. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించాలి. మొదటి ఎదకు తొందరపడక, బరువు సరిచూసుకుని, రెండవ మూడవ ఎదలో చేయించడం మేలు.

మనదేశంలో కృత్రిమ గర్భోత్పత్తి 1939లో మైసూరు రాజభవనపు పాడి క్షేత్రంలో సంపత్ కుమారన్ చేతుల మీదుగా ఆరంభమైనది. 1949లో ఇంగ్లండులో క్రిస్టఫర్ పోల్జ్, ఆయన సహచరులు గ్లిసరాల్ సహాయంతో వీర్యకణాలను గడ్డకట్టించి బ్రతికించే పద్ధతిని కనుగొన్న తరువాత, ఆంబోతు ఒక ఖండంలో, ఆవు ఒక ఖండంలో ఉన్నా సంతతి సాధ్యమైనది. నేడు ఆ వీర్యం సున్నాకు 196 డిగ్రీలు దిగువన, ద్రవనత్రజనిలో, సన్నని గొట్టాలలో నిలవ ఉంటుంది. ఆ గొట్టం మీద ఆంబోతు సంఖ్య అచ్చువేసి ఉంటుంది. యజమాని ఆ సంఖ్యను అడిగి వ్రాసుకోవాలి. లేకుంటే రెండేళ్ళ తరువాత పుట్టిన పెయ్యకు తన తండ్రి వీర్యమే వేయించే ప్రమాదం ఉన్నది.

తొలిచూలు పెయ్యకు పెద్ద దూడలను కనిపించే ఆంబోతు తగదు. బెంగాల్ నాటు ఆవులు చిన్నవి. వాటి పెయ్యలకు భారీకాయమైన హోల్‌స్టీన్ కంటె జెర్సీ రక్తం క్షేమం. ఆడదూడలే పుట్టే విధంగా వేరుచేసిన వీర్యం కూడా ఇప్పుడు లభిస్తున్నది. దానితో పుట్టే దూడలలో నూటికి తొంభై వరకు పెయ్యలే. ఆడదూడలు సాధారణంగా కొంచెం చిన్నవి కనుక తొలి ఈతకు అది మరొక సౌకర్యం.

చూడి రోజులు, చేతి చలువ

సూది వేయించిన ఇరవై ఒక్క రోజులకు మళ్ళీ ఎదకు రాకపోతే ఆశ. రెండు మూడు నెలలకు పశువైద్యుడు పరీక్షించి చెబితే నిశ్చయం. ఆవు 280 రోజులు, గేదె సుమారు 310 రోజులు మోస్తుంది. జనవరి 1న కట్టిన ఆవు అక్టోబరు 8 ప్రాంతంలో ఈనాలి. చివరి మూడు నెలలలో దూడ వేగంగా పెరుగుతుంది; తల్లి కూడా ఇంకా ఎదగవలసినదే. కనుక ఉన్న దాణాకు కిలో, కిలోన్నర అదనంగా చేర్చాలి. జారుడు నేల, పొడిచే పశువు, దూరపు నడక పనికిరావు.

ఈ రోజులలోనే మరొక చదువు మొదలుకావాలి. మొక్కై వంగనిది మానై వంగదన్నట్లు, ఈనిన రోజున తొలిసారి పొదుగు మీద చేయి వేస్తే పెయ్య తన్నక ఏం చేస్తుంది? నొప్పితో, వాపుతో, దూడమీది ఆరాటంతో ఉన్న తల్లికి అది దాడివలె తోస్తుంది. చెంబు ఒలికిపోతుంది, కర్ర లేస్తుంది, కాళ్ళకు బంధాలు పడతాయి. తన్నే ఆవు అన్న పేరు జీవితాంతం నిలిచిపోతుంది. ఏడవ నెల నుండే రోజూ పాలు పితికే చోటికి తీసుకువచ్చి, పాడి ఆవు ప్రక్కన కట్టి, గుప్పెడు దాణా వేసి, వీపు, డొక్క, తొడ, చివరకు పొదుగు వరుసగా నిమరాలి. పాలు పితకబోయే వ్యక్తే ఆ పని చేయాలి. అయితే చన్నులను లాగరాదు. ఈనక మునుపు పిండితే చన్నుల చివర మూసి ఉంచే సహజమైన బిరడా ఊడి, పొదుగువాపు వ్యాధికి ద్వారం తెరచినట్లవుతుంది.

ఈత, తొలి పాలు

పొదుగు బిగిసి, తోక మొదట గుంతలు పడి, పెయ్య లేస్తూ పడుకుంటూ ఉంటే సమయం దగ్గరపడినట్లు. రెండు ముందుకాళ్ళు, వాటిమీద మూతి కనిపిస్తే క్రమమైన కాన్పే. ఉమ్మనీరు పోయిన తరువాత గంట గడిచినా ముందుకు సాగకపోతే పశువైద్యుని పిలవాలి. నలుగురు చేరి త్రాడుకట్టి లాగడం హత్యతో సమానం. పన్నెండు గంటలలో మాయ పడకపోయినా పెరికివేయకూడదు. దూడ బొడ్డుకు టింక్చర్ అయొడిన్ అద్దాలి.

పాలు చేపడమన్నది ఆవు మనసుతో ముడిపడిన పని. పొదుగు కడిగి నిమిరితే మెదడు నుండి ఆక్సిటోసిన్ అనే రసం రక్తంలోకి వచ్చి పాలను క్రిందికి దింపుతుంది. దాని ప్రభావం ఐదు, ఏడు నిమిషాలే. ఆ లోపల బొటనవేలు మడవకుండా నిండు పిడికిలితో పితకాలి. భయపడిన ఆవులో ఈ రసం పనిచేయదు. ఆ కిటుకు తెలిసిన వారిలో కొందరు అదే రసాన్ని సూదితో ఎక్కిస్తున్నారు. వెనుకటి కాలంలో ఫూకా అనే క్రూరమైన పద్ధతి ఉండేది. కలకత్తా నుండి అందిన రచనలలో పాలవాళ్ళు ఆవులను, గేదెలను పెట్టే హింసను చదివి కలత చెందిన గాంధీజీ 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రంలో పాలే మానివేశారు. పశువుకు హాని చేసే ఫూకాను, పాలకోసం వేసే అటువంటి సూదులను 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 12వ సెక్షను నేరంగా ప్రకటించింది. చేతి చలువతో చేపడం నేర్చిన పెయ్యకు ఆ సూదితో పని లేదు.

తొలి ఈతలో ఆవు తన పూర్తి పాలు ఇవ్వదు. మూడవ, నాలుగవ ఈతకు గాని నిండు పాడి రాదు. ఈనిన రెండు మూడు నెలలకు మళ్ళీ కట్టించి, తరువాతి ఈతకు అరవై రోజుల ముందు పాలు ఆపించి పొదుగుకు విశ్రాంతి ఇచ్చిన వారి పెయ్యే ఆ స్థితికి చేరుతుంది. అందుకు కావలసినది ఒక నోటుపుస్తకం. పుట్టిన తేదీ, నెలనెలా బరువు, ఎద తేదీలు, ఆంబోతు సంఖ్య, ఈనిన రోజు - ఈ ఐదూ అందులో ఉంటే, ప్రక్కన ఆడుకుంటున్న క్రొత్త పెయ్యను అమ్మాలా, ఉంచాలా అన్న ప్రశ్నకు సంతలో దళారిని అడగవలసిన అవసరం ఉండదు.